ఆరు చుక్కలు, రెండు నిర్ణయాలు: సూరత్ అంధ విద్యార్థికీ కొరియన్ భాషకూ మధ్య ఉన్న చరిత్ర

తాపీ నది ఒడ్డున ఉన్న సూరత్ మొగలుల కాలంలో మక్కా యాత్రికుల ఓడలకూ ఐరోపా కంపెనీల గిడ్డంగులకూ ప్రధాన రేవుగా వెలిగి, 20వ శతాబ్దిలో జరీ పనికీ మరమగ్గాలకూ వజ్రాల సానకూ కేంద్రమై, ఆ పనులు వెతుక్కుంటూ దేశం నలుమూలల నుంచి వచ్చినవారితో బహుభాషా నగరంగా మారింది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి వలస వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్, ఉధ్నా వంటి పేటల్లో స్థిరపడటంతో, అక్కడి నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషు మాధ్యమాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతోంది. ఈ నగరంలో చూపున్న పిల్లలకు భాష మారినప్పుడల్లా లిపీ మారుతుంది. తెలుగు బడిలో చదివినవారు దుకాణం మీది గుజరాతీ బోర్డును చదవాలంటే మరో అక్షరమాలను మొదటి నుంచి దిద్దాల్సిందే. బ్రెయిలీలో చదివే అంధ విద్యార్థికి ఈ శ్రమ లేదు, ఎందుకంటే తెలుగు 'క'కూ గుజరాతీ 'క'కూ ఒడియా 'క'కూ ఆ లిపిలో ఉన్నది ఒకే గుర్తు.

ఇదే విద్యార్థి కొరియన్ నేర్చుకోవాలనుకుంటే పరిస్థితి తలకిందులవుతుంది. కొరియన్ల లిపి అయిన హంగుల్ చూపున్నవారికి కొద్ది రోజుల్లోనే పట్టుబడుతుందన్న పేరు ఉండగా, అంధ విద్యార్థి మాత్రం అంతవరకు వేళ్ళకు అలవాటైన గుర్తులన్నిటికీ కొత్త విలువలు నేర్చుకోవాలి. ఒకచోట కలిసివచ్చిన అదే ఆరు చుక్కల లిపి మరోచోట అడ్డు తగలడానికి కారణం కొరియన్ భాష స్వభావంలో లేదు, అంధత్వంలోనూ లేదు. పావు శతాబ్ది తేడాతో రెండు దేశాల్లో జరిగిన రెండు నిర్ణయాల్లో ఉంది. వాటిలో ఒకటి 1926లో సియోల్‌లో ప్రకటితమైన కొరియన్ బ్రెయిలీ, రెండవది 1951లో భారతదేశం ఆమోదించిన భారతీ బ్రెయిలీ.

గడి, చుక్క, విలువ

పారిస్‌లో వాలంతాన్ అయూయ్ 18వ శతాబ్ది చివర స్థాపించిన అంధుల పాఠశాలలో మామూలు అక్షరాలనే కాగితం మీద ఉబ్బెత్తుగా అచ్చువేసి, వాటి ఆకారాన్ని వేళ్ళతో పోల్చుకొమ్మని పిల్లలకు నేర్పేవారు. కంటి కోసం పుట్టిన గీతలను వేలు గుర్తించడం ఆలస్యం కావడమే కాక, అలాంటి పుస్తకాన్ని చదవగలిగిన విద్యార్థి స్వయంగా ఒక్క వాక్యం కూడా రాసుకోలేకపోయేవాడు. ఆ పాఠశాలలోనే చదివిన లూయీ బ్రెయిలీ (1809–1852) అక్షరాకారాన్ని పూర్తిగా వదిలేసి, నిలువునా మూడేసి చుక్కల చొప్పున రెండు వరుసలుండే గడిని తీసుకుని, అందులో ఏయే చుక్కలు లేచి ఉన్నాయన్నదాన్ని బట్టి అక్షరాన్ని నిర్ణయించే పద్ధతిని 1829లో పుస్తకంగా వెలువరించాడు. ఎడమ వరుసలో పై నుంచి కిందికి 1, 2, 3 అనీ, కుడి వరుసలో 4, 5, 6 అనీ చుక్కలకు సంఖ్యలు ఇస్తారు. ఈ ఆరు చుక్కలతో ఏర్పడగల గుర్తులు 63.

ఈ 63 గుర్తులకు వాటంతట అవిగా ఏ ధ్వనీ లేదు. లూయీ బ్రెయిలీ వాటికి ఫ్రెంచి వర్ణక్రమంలో విలువలిచ్చాడు. వేరే భాషవారు ఆ విలువలను వీలైనంతవరకు నిలుపుకోవచ్చు, లేదా గడిని మాత్రమే తీసుకుని తమ భాష నిర్మాణానికి తగ్గ విలువలు ఇచ్చుకోవచ్చు. ఐరోపా వెలుపల బ్రెయిలీ చరిత్ర చాలావరకు ఈ రెండు మార్గాల మధ్య జరిగిన ఎంపికల చరిత్రే.

అచ్చు నుంచి చుక్కల దాకా

భారతీయ లిపులకు యంత్రసాధనాలు ఎంత ఆలస్యంగా ఒదిగాయో తెలిపే తొలి ఉదాహరణల్లో ఒకటి సూరత్‌తోనే ముడిపడి ఉంది. 17వ శతాబ్దిలో అక్కడి ప్రముఖ వర్తకుడైన భీమ్‌జీ పారిఖ్ ఇక్కడి ప్రాచీన గ్రంథాలను అచ్చువేయించాలన్న కోరికతో ఈస్టిండియా కంపెనీని అడగగా, 1674లో ఇంగ్లండు నుంచి ఒక ముద్రాపకుడూ యంత్రమూ వచ్చాయి కానీ, స్థానిక అక్షరాలకు అచ్చు దిమ్మెలు పోతపోయగల నేర్పు ఆ ముద్రాపకుడికి లేకపోవడంతో ప్రయత్నం ఫలించలేదు. సూరత్‌లో గుజరాతీ ముద్రణ కోసం 19వ శతాబ్ది తొలి పాదం దాకా, లండన్ మిషనరీ సొసైటీకి చెందిన ఫైవీ సోదరుల కాలం దాకా ఆగవలసి వచ్చింది. ప్రతి లిపికీ వేరువేరుగా దిమ్మెలు చెక్కవలసిన ముద్రణకు భిన్నంగా, ఆరు చుక్కల గడికి ఒకే పరికరం ఏ భాషకైనా సరిపోతుంది. అయినా భారతదేశంలో బ్రెయిలీ అడుగుపెట్టిన తొలి దశాబ్దాల్లో ఈ సౌలభ్యాన్ని ఎవరూ పూర్తిగా వాడుకోలేకపోయారు.

దేశంలో అంధులకు తొలి పాఠశాలను ఆనీ షార్ప్ అనే మిషనరీ 1887లో అమృత్‌సర్‌లో ప్రారంభించగా, తరువాతి దశాబ్దంన్నర కాలంలో పాళయంకోట, కలకత్తా, బొంబాయి, మైసూరు వంటి చోట్ల అలాంటి బడులు వెలిశాయి. ఒక్కొక్క బడి చుట్టూ ఒక్కొక్క పద్ధతి పెరిగింది. కలకత్తాలో లాల్ బిహారీ షా బంగ్లాకు అమర్చిన పద్ధతి ఆయన పేరు మీదుగా షా బ్రెయిలీ అయింది; నోల్స్, గార్త్‌వైట్ అనే ఇద్దరు ఆంగ్లేయులు అనేక ప్రాచ్య భాషలకు ఉమ్మడిగా ఓరియంటల్ బ్రెయిలీని ప్రతిపాదించారు; గుజరాత్‌కు చెందిన, స్వయంగా చూపు కోల్పోయిన నీలకంఠరాయ్ ఛత్రపతి రూపొందించిన ఇండియన్ బ్రెయిలీ పశ్చిమ భారతంలో వ్యాపించింది. వీటిలో ఒకదాన్ని చదివినవారికి మరొకటి చేరువ కాకపోవడంతో, ఒకచోట తయారైన పుస్తకం మరొకచోట పనికిరాని వస్తువైంది. అసలే బ్రెయిలీ పుస్తకం బరువైనది, ఖర్చుతో కూడుకున్నది, కొద్ది ప్రతులే తయారయ్యేది. అందువల్ల గుర్తుల్లోని ఈ భేదం ప్రతి బడినీ తన సొంత పుస్తకాల అరకే పరిమితం చేసింది.

1940లలో కేంద్ర ప్రభుత్వం నియమించిన సంఘం దేశమంతటికీ ఒకే బ్రెయిలీని సూచించినా, లూయీ బ్రెయిలీ ఇచ్చిన విలువలకు అది దూరంగా ఉందన్న అభ్యంతరాలు రావడంతో వివాదం తెగలేదు. స్వాతంత్ర్యానంతరం, 1949లో, భారత ప్రభుత్వం యునెస్కోను ఆశ్రయించింది. 1915లో గలిపోలి యుద్ధంలో చూపు కోల్పోయిన న్యూజిలాండ్ దేశస్థుడు, అంతకుముందే భారతదేశంలో అంధుల సంక్షేమానికి పనిచేసి ఇక్కడి పరిస్థితిని ఎరిగిన సర్ క్లూథా మెకెంజీ ఆ సంస్థ తరఫున ఈ పని చేపట్టాడు. 1950లో పారిస్‌లోనూ 1951లో బేరూత్‌లోనూ జరిగిన సమావేశాల్లో ఒక సూత్రం ముందుకు వచ్చింది: భాషలు వేరైనా, ఒకే ధ్వనికి వీలైనంతవరకు ఒకే గుర్తు ఉండాలి, ఆ గుర్తు లూయీ బ్రెయిలీ ఇచ్చిన విలువకు దగ్గరగా ఉండాలి. ఈ సూత్రం మీద రూపొందిన భారతీ బ్రెయిలీని 1951 ఏప్రిల్‌లో భారత ప్రభుత్వం ఆమోదించింది. కేంద్ర విద్యాశాఖలో పనిచేసిన అంధ అధికారి లాల్ అద్వానీకి ఈ కృషిలో ముఖ్యపాత్ర ఉంది. ఆ ఏడాదే డెహ్రాడూన్‌లో కేంద్ర బ్రెయిలీ ముద్రణాలయం ఏర్పడటంతో నిర్ణయం కాగితం మీద నిలిచిపోకుండా పుస్తకాల రూపం దాల్చింది.

భారతీ బ్రెయిలీలో తెలుగు

తెలుగు అక్షరానికి కంటి లిపిలో తలకట్టు, గుణింతపు గుర్తు, కింద వత్తు అంటూ పైకీ కిందికీ విస్తరించే రూపం ఉంది. బ్రెయిలీ గడికి పైనా కిందా చోటు లేదు కాబట్టి, భారతీ బ్రెయిలీ అక్షరాన్ని అంగాలుగా విడదీసి ఒకదాని తరువాత ఒకటిగా పేరుస్తుంది. హల్లును ఒంటిగా రాస్తే అందులో 'అ'కారం ఉన్నట్టే. వేరే అచ్చు కావలసినప్పుడు గుణింతపు గుర్తుకు బదులు ఆ అచ్చునే హల్లు పక్కన రాస్తారు. పొల్లుకు 4వ చుక్క గుర్తు, అయితే కంటి లిపిలో హల్లు మీద కూర్చునే ఆ పొల్లు ఇక్కడ హల్లు కంటే ముందు వస్తుంది. ఆ లెక్కన 'అమ్మ' అనే మాటలో 'అ'కు 1వ చుక్క, ఆపైన పొల్లుకు 4వ చుక్క, తరువాత 'మ'కు 1, 3, 4 చుక్కల గడి రెండుసార్లు వస్తాయి. 'క్ష', 'జ్ఞ' అనే రెండు సంయుక్తాక్షరాలకు మాత్రం విడి గుర్తులున్నాయి.

ఇంగ్లీషు బ్రెయిలీలో ఎం అక్షరానిదే తెలుగు 'మ' గుర్తు, కే అక్షరానిదే 'క' గుర్తు, ఎల్ అక్షరానిదే 'ల' గుర్తు కావడం 1951 సూత్రం ఫలితమే. ఆ సూత్రం భాషల విశిష్టతను చెరిపివేయలేదు కూడా: హ్రస్వ 'ఎ', 'ఒ'లూ 'ళ', 'ఱ'లూ ఉన్న తెలుగుకు వాటి గుర్తులు వాటికి దక్కాయి. కలిసింది అక్షరాల విలువ మాత్రమే, వర్ణక్రమం కాదు. సూరత్ అన్న ఊరి పేరునే తెలుగులో 'ఊ'తో, చివర పొల్లుతో రాస్తే, గుజరాతీలో హ్రస్వ 'ఉ'తో, పొల్లు లేకుండా రాస్తారు. బ్రెయిలీలోనూ ఆ తేడా అలాగే నిలుస్తుంది. అందువల్ల తెలుగు బ్రెయిలీ వచ్చిన అంధ విద్యార్థి గుజరాతీ పుటను తొలినాడే పైకి చదవగలడు, అర్థం చేసుకోవడానికి మాత్రం అందరిలాగే భాష నేర్చుకోవాలి. లిపి నేర్చుకునే దశను దాటించి విద్యార్థిని సరాసరి భాష ముందు నిలిపిన ఈ సౌకర్యం సూరత్ వంటి నగరంలో ఎంత విలువైనదో వేరుగా చెప్పనక్కర్లేదు.

కొరియాలో ఎదురైన ప్రశ్న

కొరియాలో జోసన్ రాజవంశ కాలంలో (1392–1910) అంధులకు సమాజంలో నిర్దిష్టమైన వృత్తులు ఉండేవి. కొందరు రాజాస్థానంలో వాద్యకారులుగా నియమితులైతే, మరికొందరు జోస్యం చెప్పడం, అరిష్ట నివారణకు మంత్రపఠనం చేయడం జీవనోపాధిగా చేసుకునేవారు. ఈ విద్యలన్నీ గురుముఖంగా విని కంఠస్థం చేసేవే కాబట్టి చదువూ జ్ఞాపకమూ వారి జీవితంలో భాగంగా ఉన్నా, స్వయంగా చదివి రాసుకోదగ్గ లిపి మాత్రం లేదు. సెజోంగ్ రాజు 1443లో రూపొందించి 1446లో ప్రకటించిన హంగుల్ సామాన్యులకు అక్షరాన్ని చేరువ చేసినా, అది కంటికి కనిపించే అక్షరమే.

1890లో సియోల్ చేరిన అమెరికన్ మెథడిస్టు వైద్యురాలు రోసెట్టా షెర్‌వుడ్ హాల్ ఒక అంధ బాలికకు చదువు నేర్పడానికి తొలుత నూనె కాగితం మీద సూదితో పొడిచి హంగుల్ అక్షరాల ఆకారాలనే ఉబ్బెత్తుగా చేసింది. అయూయ్ పాఠశాల నాటి పద్ధతికి ఇది దగ్గర. 1894లో భర్త మరణించాక స్వదేశానికి వెళ్ళిన ఆమె, అప్పట్లో అమెరికాలో బ్రెయిలీకి పోటీగా వాడుకలో ఉన్న న్యూయార్క్ పాయింట్ అనే పద్ధతిని నేర్చుకుని దాన్ని కొరియన్‌కు అమర్చింది. ఆ పద్ధతిలో గడి ఎత్తు రెండు చుక్కలే. అక్షరాన్ని బట్టి అది అడ్డంగా సాగుతుంది. 1897లో తిరిగి వచ్చి ప్యాంగ్యాంగ్‌లో అంధ బాలికల బోధనకు ఆమె ఉపయోగించిన ఈ లిపిని ప్యాంగ్యాంగ్ చుక్కల లిపి అంటారు. కొరియన్ అంధులు తమ భాషలో చదవగలిగిన తొలి లిపి ఇదే అయినా, ఇందులో ఒక లోపం ఉంది.

ఆ లోపం తెలియాలంటే హంగుల్ నిర్మాణం కొంత తెలియాలి. కొరియన్ పదంలో ప్రతి అక్షరమూ మొదట ఒక హల్లు, తరువాత ఒక అచ్చు, అవసరమైతే చివర మరొక హల్లుతో ఏర్పడుతుంది. హంగుల్ ఈ రెండు మూడు అంగాలను ఒక చదరంలో పేర్చి రాస్తుంది. మొదటి హల్లుకూ చివరి హల్లుకూ వాడేది ఒకే గుర్తు అయినా, చదరంలో పైన ఉందా అడుగున ఉందా అన్నది చూసి కన్ను దాని స్థానాన్ని పోల్చుకుంటుంది. చుక్కల లిపిలో చదరం విడిపోయి అంగాలు వరుసగా నిలబడగానే, రెండు అచ్చుల మధ్య ఉన్న హల్లు ముందరి అక్షరానికి ముగింపా, తరువాతి అక్షరానికి ఆరంభమా అన్నది తేలదు. ప్యాంగ్యాంగ్ లిపి ఈ రెంటికీ తేడా చూపలేదు.

1910లో కొరియా జపాన్ పాలన కిందికి వెళ్ళింది. 1913లో జపాన్ ప్రభుత్వం సియోల్‌లో జేసెంగ్వన్ అనే సంక్షేమ సంస్థలో అంధులకు, బధిరులకు బోధనా విభాగాన్ని తెరవగా, అక్కడ ఉపాధ్యాయుడిగా చేరినవారిలో పాక్ దూసొంగ్ (1888–1963) ఒకరు. ఆయనకు చూపు ఉంది. ఆ బడిలో వాడిన ఆరు చుక్కల లిపి 1890లో ఇషికావా కురాజి జపనీసు అక్షరమాల కోసం అమర్చినది. దానితో విద్యార్థులు జపనీసు చదవగలిగేవారు కానీ తమ మాతృభాషను చదవలేకపోయేవారు. పాక్ తన అంధ శిష్యులతో కలిసి కొన్నేళ్ళపాటు గుర్తుల పట్టికలను మారుస్తూ, వేళ్ళతో పరీక్షిస్తూ ఒక కొత్త పద్ధతికి రూపమిచ్చాడు. నేర్చుకోవడం సులువుగా ఉండాలి, చుక్కలు తక్కువ కావాలి, ఒక గుర్తు మరొకటిగా పొరబడే వీలుండకూడదు అన్నవి ఆయన పెట్టుకున్న మూడు నియమాలు. 'హున్‌మెంగ్ జొంగుమ్' అన్న పేరుతో ఆ పద్ధతిని 1926 నవంబరు 4న, హంగుల్ ప్రకటనకు 480 ఏళ్ళు నిండిన సందర్భంగా కొరియన్లు మొదటిసారి తమ లిపి దినాన్ని జరుపుకున్న రోజునే ప్రకటించాడు. పరాయి పాలనలో మాతృభాషా లిపికి జరిగిన ఉత్సవం, అంధుల లిపి ప్రకటన ఒకే రోజున రావడంతో, కొరియన్ బ్రెయిలీ పుట్టుక నుంచే భాషాభిమానంతో ముడిపడింది.

స్థానం మారితే గుర్తు మారుతుంది

పాక్ రూపొందించిన పద్ధతిలోని ప్రధాన సూత్రం చిన్నది. 'గ', 'ర', 'బ', 'స', 'జ' వంటి కొన్ని ఆరంభ హల్లులు గడి కుడి వరుసలోని చుక్కలతోనే ఏర్పడతాయి. అవే అక్షరం చివర వచ్చినప్పుడు ఎడమ వరుసకు జరుగుతాయి. ఆరంభ 'గ'కు 4వ చుక్క అయితే, చివరి 'గ'కు 1వ చుక్క. ఆరంభ 'స'కు 6 అయితే, చివరి 'స'కు 3. రెండు వరుసలనూ వాడుకునే 'న', 'ద', 'మ' వంటి హల్లులు అక్షరాంతంలో ఒక మెట్టు కిందికి దిగుతాయి: ఆరంభ 'న'కు 1, 4 చుక్కలు అయితే, చివరి 'న'కు 2, 5. చివరి హల్లుకు ఆరంభ హల్లునే తిరిగి వాడాలన్న సెజోంగ్ కాలపు సూత్రం ఈ విధంగా ఆకారంలో నిలబడింది, స్థానభేదం మాత్రం చుక్కల కదలికలోకి వచ్చింది. అందువల్ల అక్షరం ఎక్కడ ముగిసిందన్న సందేహం రాదు.

గడులు ఆదా చేయడానికి మరికొన్ని ఏర్పాట్లు ఉన్నాయి. 'న', 'ద', 'మ', 'బ' వంటి అనేక హల్లుల తరువాత వచ్చే 'ఆ' ధ్వనిని, వెంటనే మరో అచ్చు రానంతవరకు, రాయకుండా వదిలేస్తారు. హల్లులోనే 'అ'కారాన్ని ఇముడ్చుకున్న భారతీయ లిపులకు అలవాటైన తెలుగు విద్యార్థికి ఇది పరిచితంగానే తోస్తుంది. ఒత్తి పలికే హల్లులకు ముందు 6వ చుక్క చేరుతుంది. 'మరియు', 'కానీ', 'అందువల్ల' వంటి అర్థాలనిచ్చే ఏడు సంధాయక పదాలకు పొట్టి రూపాలున్నాయి. అంకెలు మాత్రం లూయీ బ్రెయిలీ నాటివే: 3, 4, 5, 6 చుక్కల సంఖ్యాగుర్తు, దాని వెంట ఇంగ్లీషు వర్ణమాలలోని మొదటి పది అక్షరాల గుర్తులు. సూరత్‌లోనూ సియోల్‌లోనూ తేదీ, ధర, పుట సంఖ్య ఒకేలా చదవవచ్చు.

రెండు లిపులు ఎదురైన చోట

భారతీ బ్రెయిలీ లూయీ బ్రెయిలీ విలువలకు దగ్గరగా ఉండటాన్ని ఎంచుకుంటే, కొరియన్ బ్రెయిలీ గడిని మాత్రం తీసుకుని విలువలను తన భాష నిర్మాణం నుంచి తెచ్చుకుంది. ఈ రెండు నిర్ణయాలు ఒకే విద్యార్థి వేళ్ళ కింద కలిసినప్పుడు ఏం జరుగుతుందో ఒక ఉదాహరణ చూపుతుంది. కొరియన్‌లో చెట్టుకు 'నాము' అని పేరు. కొరియన్ బ్రెయిలీలో దాన్ని మూడు గడుల్లో రాస్తారు: 1, 4 చుక్కలు, తరువాత 1, 5 చుక్కలు, ఆపైన 1, 3, 4 చుక్కలు. భారతీ బ్రెయిలీ అలవాటు మీద అవే మూడు గడులను చదివితే 'చ', 'ఏ', 'మ' కలిసి 'చేమ' అవుతుంది. రెండూ చక్కగా పలకగలిగే మాటలే కావడం వల్ల, చదివినది తప్పన్న సూచన ఆ గుర్తుల్లో ఎక్కడా దొరకదు. ఇలాంటి తాకిడులు ఇంకా ఉన్నాయి. భారతీ బ్రెయిలీలో పొల్లుగా ఉన్న 4వ చుక్క కొరియన్‌లో ఆరంభ 'గ'. విసర్గగా ఉన్న 6వ చుక్క అక్కడ 'స'. సున్నకు వాడే 5, 6 చుక్కల గడి అక్కడ ఒత్తు 'ఛ'కు దగ్గరి ధ్వని. 'ఉ'కు వాడే 1, 3, 6 చుక్కలు అక్కడ 'ఓ'. 'ఓ'కు వాడే 1, 3, 5 చుక్కలు అక్కడ 'ఇ'.

రాత సాధనం ఈ చిక్కును మరికొంత పెంచుతుంది. భారతదేశంలో అంధ విద్యార్థులు ఎక్కువగా వాడేది బ్రెయిలీ పలక, దానితో వాడే కొనదేలిన స్టైలస్. కాగితాన్ని వెనుక నుంచి పొడుస్తారు కాబట్టి కుడి నుంచి ఎడమకు, ప్రతి గడినీ అద్దంలో ప్రతిబింబంలా తిప్పి రాయాలి. తెలుగు బ్రెయిలీలో ఈ తిప్పుడు చిన్నప్పుడే అలవాటైపోతుంది. కొరియన్‌లో మాత్రం కుడి వరుసలోని ఆరంభ హల్లు తిరగబడితే, పొడిచేటప్పుడు అదే హల్లు చివరి రూపం ఉండే ఎడమ వరుసకు చేరుతుంది. చేయి పొడిచేటప్పుడు తెలిసే స్థానమూ, వేలు చదివేటప్పుడు తగిలే స్థానమూ ఒకే ధ్వని రెండు రూపాల మధ్య తారుమారవుతాయి. అందువల్ల కొరియన్‌ను తొలి రోజుల్లో, చుక్కలను చదివే దిశలోనే లేపే బ్రెయిలీ టైపుయంత్రం మీద నేర్పడం మేలు. అమెరికాలోని పెర్కిన్స్ అంధుల పాఠశాలలో తయారై 1951లో వాడుకలోకి వచ్చిన పెర్కిన్స్ బ్రెయిలర్ ఈ రకం యంత్రమే.

చెవికి సంబంధించినంతవరకు తెలుగు విద్యార్థికి కొంత వెసులుబాటు ఉంది. కర్త, కర్మ, చివర క్రియ అన్న వాక్యక్రమం, నామానికి వెనుక చేరే విభక్తి ప్రత్యయాలు, ఎదుటివారి వయసునూ హోదానూ బట్టి మారే క్రియారూపాలు తెలుగువారికి వింతగా తోచవు. ఒత్తు లేని హల్లులూ ఒత్తు హల్లులూ వేరుగా ఉన్న వర్ణమాలతో పెరిగినవారికి కొరియన్ హల్లుల్లోని మూడు తరగతుల్లో రెండు త్వరగానే పట్టుబడతాయి, గొంతు బిగించి పలికే మూడవ తరగతికే ప్రత్యేక అభ్యాసం కావాలి. కంప్యూటరు మీద రాయడంలోనూ ఇలాంటి వీలు ఉంది. కొరియా ప్రామాణిక కీబోర్డులో హల్లులన్నీ ఎడమచేతి వైపు, అచ్చులన్నీ కుడిచేతి వైపు ఉంటాయి. అంగాలను వరుసగా కొడితే యంత్రమే వాటిని చదరంగా కూరుస్తుంది. చదరం ఎలా కనిపిస్తుందో తెలియకపోయినా, అంధ విద్యార్థి చూపున్నవారు చదవగల హంగుల్‌ను తప్పు లేకుండా రాయగలడు.

అవసరం, అవకాశం

కొరియన్ బోధన భారతదేశంలో 1970లలో ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో వేళ్ళూనుకుని, చాలాకాలం పండితులకూ దౌత్యవర్గాలకూ పరిమితమై ఉంది. 1996లో హ్యూందాయ్ సంస్థ చెన్నై సమీపంలోని శ్రీపెరుంబుదూరుకు వచ్చాక ఆ భాషకు ఉపాధి విలువ ఏర్పడింది. 2019లో అప్పటి అనంతపురం జిల్లా పెనుకొండ వద్ద కియా కార్ల తయారీ మొదలవడంతో ఆంధ్రప్రదేశ్‌లోనూ కొరియన్ దుబాసీలకు గిరాకీ పుట్టింది. సూరత్ పొరుగునే ఉన్న హజీరాలో లార్సన్ అండ్ టూబ్రో సంస్థ దక్షిణ కొరియాకు చెందిన హన్‌హ్వా సాంకేతిక సహకారంతో భారత సైన్యానికి 100 'కే9 వజ్ర' శతఘ్నులను తయారు చేసి, 2021 నాటికి అందజేసింది. పాఠశాలల్లో నేర్పదగ్గ విదేశీ భాషల ఉదాహరణల్లో 2020 జాతీయ విద్యావిధానం కొరియన్‌ను పేర్కొనడం ఈ క్రమానికి కొనసాగింపు. అనువాదం, దుబాసీ పని, ఫోన్ ద్వారా వినియోగదారుల సేవ వంటివి చెవి, నోరు, కీబోర్డు ఆధారంగా సాగే వృత్తులు కాబట్టి, ఈ భాష అంధ విద్యార్థులకు ఒక ఉపాధి మార్గంగా కనిపించడం సహజం.

పుస్తకాల విషయంలో చట్టం ఇప్పుడు అనుకూలంగా ఉంది. కాపీహక్కు గల పుస్తకాన్ని అంధులు చదవగల రూపంలోకి మార్చడానికీ, ఆ ప్రతులను దేశాల మధ్య పంపుకోవడానికీ అనుమతించే మర్రకేష్ ఒడంబడిక 2013లో కుదరగా, 2014లో దాన్ని ధ్రువీకరించిన మొదటి దేశం భారతదేశమే. దక్షిణ కొరియా 2015లో చేరింది. ఒడంబడిక 2016లో అమలులోకి వచ్చాక, కొరియాలో తయారైన బ్రెయిలీ పాఠ్యపుస్తకాన్ని భారతదేశంలోని అధీకృత సంస్థ తెప్పించుకోవడానికి న్యాయపరమైన అడ్డంకి లేదు. ఆ ఏడాదే దక్షిణ కొరియా బ్రెయిలీకి హంగుల్‌తో సమానమైన హోదా కల్పించే బ్రెయిలీ చట్టం చేసింది. భారతదేశంలో దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చిందీ ఆ సంవత్సరమే. సాధనాలకూ కొరత లేదు. తెరమీది మాటలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడరు, మామూలు పాఠాన్ని బ్రెయిలీలోకి మార్చే లిబ్‌లూయీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కొరియన్‌నూ తెలుగునూ నిర్వహించగలవు. 1999లో యూనికోడ్‌లో బ్రెయిలీ గడులు చేరడంతో ఆ పాఠాన్ని ఏ యంత్రం నుంచి ఏ యంత్రానికైనా పంపవచ్చు. చుక్కలు తమంతట తామే లేచి పడే బ్రెయిలీ తెరల తయారీలో కొరియా సంస్థలూ ముందు వరుసలో ఉన్నాయి.

అయితే యంత్రం ఇచ్చే బ్రెయిలీ ఏ భాషదో ముందుగా ఎంచుకోవలసింది చదివేవారే. తెలుగు వివరణల మధ్య కొరియన్ పదాలు వచ్చే పాఠ్యపుస్తకంలో ఒకే పంక్తిలో రెండు విలువల వ్యవస్థలు కలిసిపోతాయి. కంటి లిపిలో అక్షరాకారమే ఇది తెలుగు, ఇది కొరియన్ అని చెబుతుండగా, బ్రెయిలీలో ఆ సరిహద్దును ప్రత్యేకమైన గుర్తుతో చూపకపోతే 'నాము' 'చేమ'గా మారిపోతుంది. ద్విభాషా పాఠ్యపుస్తకాన్ని యంత్రంతో మార్చి ఇచ్చినంత మాత్రాన సరిపోదనడానికి కారణం ఇదే.

నిర్ణయాల ఫలం

1926, 1951 నిర్ణయాల్లో ఒకటి ఒప్పు, మరొకటి తప్పు అనడానికి వీల్లేదు. అనేక భాషలు ఇరుగుపొరుగున బతికే దేశంలో పుస్తకాలు, పరికరాలు, ఉపాధ్యాయులు కొరతగా ఉన్నప్పుడు, ఒకరి పుస్తకం మరొకరికి పనికిరావడమే ముఖ్యం; భారతీ బ్రెయిలీ ఆ అవసరాన్ని తీర్చింది. ఒకే భాష మాట్లాడే సమాజంలో, ఆ భాషకే ముప్పు ఉన్నప్పుడు, భాష నిర్మాణాన్ని సందేహం లేకుండా పట్టి చూపడమే ముఖ్యం. కొరియన్ బ్రెయిలీ ఆ పని చేసింది. మొదటిది సరిహద్దులు దాటడం కోసం, రెండవది తన ఇంటిని నిలబెట్టుకోవడం కోసం పుట్టాయి. ఒకదాన్నుంచి మరొకదానిలోకి అడుగుపెట్టే విద్యార్థి గురించి ఆనాటి రూపకర్తలు ఎవరూ ఆలోచించనక్కర లేకపోయింది.

ఇప్పుడు అలాంటి విద్యార్థికి కావలసిన తొలి పుస్తకం ఎలా ఉండాలన్నది ఈ చరిత్రే సూచిస్తోంది. హంగుల్ అక్షరాల ఆకారంతో మొదలయ్యే మామూలు వాచకాన్ని చుక్కల్లోకి మార్చడం కాక, గడిలో హల్లు కుడి నుంచి ఎడమకు, పై నుంచి కిందికి జరిగే సూత్రంతో మొదలై, భారతీ బ్రెయిలీ విలువలతో తాకిడి ఉన్న గుర్తులను పక్కపక్కన నిలిపి, భాష మారిన చోటును స్పష్టంగా గుర్తించే వాచకం కావాలి. అలాంటి పుస్తకంలోని వివరణలను ఏ భాషకు ఆ భాషలో రాసుకోవలసి ఉన్నా, గుర్తుల పట్టికనూ అభ్యాసాలనూ ఒక్కసారి తయారు చేస్తే చాలు. తెలుగు విద్యార్థి వేళ్ళకు తగిలే ఆ తాకిడులే గుజరాతీ, మరాఠీ, హిందీ, ఒడియా విద్యార్థులకూ తగులుతాయి. 1951లో భారతదేశం తన భాషలకు ఉమ్మడి గుర్తులను ఎంచుకోవడం వల్ల, కొరియన్ ఎదుట ఎదురయ్యే కష్టం కూడా ఉమ్మడిదైంది, దానికి చేసే పరిష్కారమూ ఉమ్మడి సొత్తు కాగలదు.